ఫ్యాన్లు మార్చడానికి డబ్బెవరు పెడతారు?

ప్రశ్న: మాది బొబ్బిలి సార్, మా గవర్నమెంటు ఆఫీసులో ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు పాతకాలంవి, బిల్లేమో వాసిపోతోంది, మార్చమంటే బడ్జెట్ లేదంటారు, పోనీ కరెంటు కంపెనీయే పెట్టుబడి పెడతాదా ఏటి?

జవాబు: అమెరికాలో అయితే ఉందండీ, 1992 ఇంధన విధాన చట్టం వచ్చాక అక్కడి కేంద్ర ప్రభుత్వ ఆఫీసులు కరెంటు కంపెనీతోనే కాంట్రాక్టు రాసుకుంటున్నాయి, ఖర్చు ముందు కంపెనీ పెట్టి తర్వాత బిల్లులో మిగిలిన దాంట్లోంచి వాయిదాల్లో తీసుకుంటుంది. మన దగ్గర ఇలా ముందే పెట్టుబడి పెట్టేది ఈఈఎస్ఎల్ అనే కరెంటు ఆదా కంపెనీ, దాన్ని 2009లో ఎన్టీపీసీ లాంటి ప్రభుత్వ సంస్థలు కలిసి పెట్టాయి. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారు ఫ్యాను లాగేది 30 చుట్టుపక్కలే. అసలు చిక్కంతా మీటరు దగ్గరే, పాత వాడకం ముందే కొలిచి రాసుకోకపోతే ఎంత మిగిలిందో తేలక గొడవే, బిల్లు కట్టే పద్దూ వాయిదా కట్టే పద్దూ వేరైతే ఇంకో తలనొప్పి, అది మీ అకౌంట్స్ వాళ్లని ఇప్పుడే అడగండి.