జీపు లేచింది, స్టీరింగ్ పట్టేసింది

ప్రశ్న: క్వారీ దారుల కోసం పాత ఫోర్‌వీల్ జీపు బాడీని 2 అంగుళాలు లేపించాను. అప్పట్నుంచి స్టీరింగ్ ఒకచోట పట్టేస్తోంది, ఒకచోట వదులవుతోంది. డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల వైపు వెళ్లే కడ్డీ) మార్చాలంటున్నారు. నిజమేనా?
- ఓ పాఠకుడు, చీమకుర్తి

జవాబు: డ్రాగ్ లింకు జోలికి పోకండి. మీరు లేపింది బాడీనే కదా! స్టీరింగ్ బాక్సు, యాక్సిల్ కింద ఛాసిస్‌తో ఉన్నచోటే ఉన్నాయి. స్టీరింగ్ చక్రం ఉండే కాలమ్ ఒక్కటే బాడీతో పైకెళ్లింది. కాలమ్‌ను బాక్సుకు కలిపే మధ్య షాఫ్టు సాగి, దాని యూనివర్సల్ జాయింట్ల (వంగి తిరిగే కీళ్ల) కోణం పెరిగింది. అదీ ఆ పట్టుకు కారణం.

బానెట్ ఎత్తి, ఎవరినైనా స్టీరింగ్ తిప్పమని చూడండి. కావలిలో ఓ బండికి, ఒకదాన్లో ఒకటి జారే షాఫ్టు ముక్కల్ని కలిపి ఉంచే పళ్లు అర అంగుళం కూడా పట్టిలేవు; బయటపడిన పళ్లు కొత్త గిన్నెలా మెరుస్తున్నాయి. నాకే టెన్షన్ వచ్చింది. మీదీ అలా ఉంటే బండి కదపొద్దు. పొడవు సరిపోయే షాఫ్టు వేయించండి, వెల్డింగ్ అతుకు మాత్రం వద్దు. రేడియేటర్ కూడా బాడీతో లేచి ఉంటే, ఫ్యాన్ దాని కవరుకు తగులుతోందేమో చూసుకోండి.