మంచు పడకముందే ఆ హోస్ పైపు ఊడదీయండి

ప్రశ్న: నమస్తే అండీ. మాది గుంటూరు. ఆరేళ్ళు అమెరికాలో మినియాపోలిస్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండి, ఈ జూన్‌లో ఊరి బయట సొంత ఇల్లు కొనుక్కున్నాం. అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ చలికాలం పనులన్నీ వాళ్ళే చూసుకునేవారు. అక్టోబర్ వచ్చేసరికి ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. మావారేమో ముందు స్నో బ్లోయర్ (మంచు తీసే యంత్రం) కొనాలంటున్నారు. పైగా సంక్రాంతికి ఇండియా వెళ్తున్నాం, మూడు వారాలు ఇంటికి తాళం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: అమ్మా, స్నో బ్లోయర్ రెండో వారం కొనుక్కోవచ్చు. ఈ శనివారం మాత్రం ఇంటి బయట గోడకున్న కుళాయి దగ్గరికి వెళ్ళండి. మొక్కలకి నీళ్ళు పట్టే హోస్ పైపు ఇంకా దానికే ఉంటే ఊడదీయండి.

నేను ఈ మిన్నెసోటా రాష్ట్రానికి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. మా ఇంటికి పెద్ద నష్టం చేసింది మంచు కాదు, ఆ పైపే. సొంత ఇంట్లో మొదటి చలికాలం, తెలియక దాన్ని అలాగే వదిలేశాం. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. హోస్ తగిలించి ఉండటంతో కుళాయిలోని నీళ్ళు బయటికి పోయే దారి లేక, గోడ లోపలి గొట్టంలోనే గడ్డకట్టి దాన్ని చీల్చేశాయి. చలికాలమంతా ఆ సంగతి మాకు తెలియనే లేదు. మే నెలలో బంతి మొక్కలు నాటి కుళాయి తిప్పాను. కాసేపటికి మా అబ్బాయి బేస్‌మెంట్‌లోంచి కేక పెట్టాడు. గోడ వెంట నీళ్ళు కారుతున్నాయి. కింద అట్టపెట్టెలో ఉన్న మా పెళ్ళి ఆల్బమ్ తడిసి పేజీలు అంటుకుపోయాయి. నాన్నగారు మా ఇద్దరి మీదా అక్షింతలు వేస్తున్న ఫొటో అందులోనే ఉండేది. గోడ బాగు చేయించుకున్నాం కానీ ఆ ఫొటో మళ్ళీ రాలేదు.

అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. హోస్ తీశాక బేస్‌మెంట్‌లో ఆ కుళాయికి వెళ్ళే గొట్టం మీద విడిగా వాల్వ్ ఉందేమో చూడండి. ఉంటే దాన్ని కట్టేసి, బయట కుళాయి తిప్పి, మిగిలిన నీళ్ళు కారిపోనివ్వండి.

తర్వాత ఇంటిని వేడిగా ఉంచే ఫర్నేస్. ఫిల్టర్ మార్చి, మెకానిక్‌ని పిలిపించి ఒకసారి చూపించండి. నవంబర్‌లో అయితే వాళ్ళు దొరకడం కష్టం. కొత్త రకం ఫర్నేస్ అయితే పక్కగోడలోంచి రెండు తెల్ల గొట్టాలు బయటికి వచ్చి ఉంటాయి. ఒకటి గాలి పీలుస్తుంది, ఒకటి పొగ వదులుతుంది. అవి మంచులో కూరుకుపోతే ఫర్నేస్ ఆగిపోవచ్చు, లేదా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు. పెద్ద మంచు పడ్డప్పుడల్లా కారు దారి కంటే ముందు వాటి చుట్టూ పారతో తీయండి. దాన్ని పసిగట్టే అలారం పడకగదులకు 10 అడుగుల లోపు ఉండాలని ఇక్కడి చట్టం. బ్యాటరీ ఈ రోజే చూసుకోండి.

ఇంటి చూరుకి వేలాడే మంచు కడ్డీలు ఫొటోలకి అందంగానే ఉంటాయి. కానీ అవి బాగా లావుగా, వరసగా కట్టాయంటే ఇంట్లో వేడి అటకలోకి పోతోందేమో చూసుకోవాలి. ఆ వేడికి కప్పు మీది మంచు కరిగి, చల్లగా ఉన్న చూరు దగ్గరికి రాగానే మళ్ళీ గడ్డకట్టి గట్టులా నిలుస్తుంది. దాని వెనక చేరిన నీళ్ళు పెంకుల కిందికి ఎక్కి ఇంట్లోకి దిగుతాయి. అటకలో సందులు మూయించి, ఇన్సులేషన్ చాలకపోతే వేయించండి. ఖర్చే, కానీ దండగ కాదు.

ఇక ప్రయాణం. 2019 జనవరి 30న మినియాపోలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 33 సెల్సియస్ దాకా దిగింది. అలాంటి రోజున ఖాళీ ఇంట్లో ఫర్నేస్ ఆగితే ఏమవుతుందో ఊహించండి. ఊరెళ్ళేటప్పుడు వేడి 55 ఫారెన్‌హీట్ కంటే తగ్గించకండి. నేనైతే 60 దగ్గర పెడతాను. నీళ్ళ మెయిన్ వాల్వ్ కట్టేసి, కుళాయిలన్నీ తిప్పి ఖాళీ చేయండి. సింకు కింది అలమరా తలుపులు తెరిచి ఉంచండి. దగ్గర్లో ఉన్న తెలుగువాళ్ళకో, పక్కింటివాళ్ళకో తాళం ఇచ్చి, రోజు విడిచి రోజు లోపలికి వచ్చి చూడమనండి. ఆ వాల్వ్ ఎక్కడుందో వాళ్ళకి చూపించి మరీ వెళ్ళండి. కాలిబాట మీది మంచు తీయడానికి కూడా ఎవరినైనా మాట్లాడుకోండి. మినియాపోలిస్‌లో ఇళ్ళవాళ్ళకి మంచు ఆగాక 24 గంటలే గడువు. మీ ఊరి నియమం కనుక్కోండి.

ఇదంతా ఈ నెలలోనే ముగించండి. 1991లో అక్టోబర్ 31న మొదలైన మంచు నవంబర్ 3 దాకా పడి, మినియాపోలిస్ ప్రాంతంలో 28.4 అంగుళాలు పేరుకుంది. మా వీధిలో పెద్దవాళ్ళు ఆ సంగతి ఇప్పటికీ చెప్తారు.

ప్రశ్న: పొద్దున లేచేసరికి కిటికీ అద్దాలకి లోపలివైపే నీళ్ళు, ఒక్కోసారి మంచు. కిటికీలు మార్చాలా? (సెయింట్ పాల్ నుంచి)

జవాబు: తొందరపడకండి. మన వంటల్లో అన్నం, పప్పు, సాంబారు, అన్నీ ఆవిరే. ఆ తేమ చల్లటి అద్దం మీద నీరవుతుంది. ఫర్నేస్‌కి హ్యూమిడిఫైయర్ (గాలికి తేమ కలిపే పరికరం) ఉంటే, చలి పెరిగేకొద్దీ దాన్ని తగ్గిస్తూ రండి. పొయ్యి వెలిగించగానే ఫ్యాన్ వేయండి, స్నానాలయ్యాక ఇరవై నిమిషాలు ఫ్యాన్ తిరగనివ్వండి. పగలు కర్టెన్లు తీసి ఉంచండి. అప్పటికీ నీళ్ళు తగ్గకపోతే కిటికీల మాట ఆలోచిద్దాం.

ప్రశ్న: కరివేపాకు మొక్క లోపల ఎప్పుడు పెట్టాలి?

జవాబు: రాత్రిళ్ళు 50 ఫారెన్‌హీట్‌కి దిగుతుంటే ఇంక ఆగకండి. ఆకుల అడుగున పురుగుందేమో చూసి, కడిగి, దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టండి. నీళ్ళు బాగా తగ్గించండి. జనవరిలో ఆకులన్నీ రాల్చినా పారేయకండి. మాది మూడుసార్లు మోడై, మూడుసార్లూ చిగురించింది.