కుందేలు నిద్రపోనక్కర్లేదు

చి. అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు తీయబోయే బొమ్మల సినిమాకి పంపిన స్టోరీబోర్డు, అదే కథంతా వరసగా గీసిన బొమ్మలు, ప్రింటు తీయించి డైనింగ్ టేబుల్ నిండా పరిచాను. వడ్డించడానికి చోటెక్కడుందని మీ అత్తయ్య కేకలేసేదాకా అక్కడే ఉంది. నీ గీతలో బెరుకు లేదు, అది చాలా మంచి సంగతి. నాకు పేచీ అంతా కథ దగ్గరే.

కుందేలు, తాబేలు పందెం వినని పిల్లాడు మనకు దొరకడు. గెలిచేది తాబేలేనని తెలిసే కూర్చుంటారు. అలాంటప్పుడు వాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టేది మధ్యలో జరిగే తతంగమే. నీ బోర్డులో ఏడో బొమ్మకల్లా కుందేలు చెట్టుకింద చేరగిలబడింది, పదిహేనో బొమ్మ దాకా లేవలేదు. ఈలోగా తాబేలు నడుస్తూనే ఉంది. ఒకరు నిద్ర, ఒకరు నడక! చూసేవాడికి కూడా ఆవలింత రాదూ?

ముందు డిస్నీ వాళ్ళు 1935లో విడుదల చేసిన 'ది టార్టాయిస్ అండ్ ది హేర్' చూడు. విల్‌ఫ్రెడ్ జాక్సన్ దర్శకత్వం, ఆస్కార్ కూడా వచ్చింది. నిడివి పది నిమిషాల్లోపే. ఒకసారి మామూలుగా చూసి, తర్వాత సౌండు తీసేసి చూడు, ఆ పైన ఫ్రేము ఫ్రేము, అంటే తెరమీద క్షణంలో మారిపోయే ఒక్కో దృశ్యం దగ్గరా, ఆపుకుంటూ చూడు.

అందులో కుందేలు పేరు మాక్స్. అతగాడిది దొంగనిద్ర. తాబేలు చప్పుడు కాకుండా పక్కనుంచి జారుకుంటుంటే గురక పెడుతున్నట్టు నటించి, ఆనక ఒక్క ఊపులో దాటేసి పోతాడు. ఈసప్ కథ తెలిసినవాళ్ళు 'ఇక్కడే ఓడిపోతాడు' అనుకున్నచోట ఓడడు, చూశావా. అసలు దెబ్బ ఆ తర్వాత తగులుతుంది. దారిలో ఆడపిల్లల బడి ఒకటి వస్తుంది. కుందేలమ్మాయిలు పొగడటం మొదలెట్టేసరికి మనవాడి కాళ్ళు కదలవు. వాళ్ళ ముందు బేస్‌బాల్ తనే విసిరి, తనే కొట్టి, తనే పట్టుకుంటాడు. టెన్నిస్ నెట్‌కి ఇటునుంచి కొట్టి, అటు పరిగెత్తి ఆ బంతి తనే తీస్తాడు. ఇద్దరు మాక్స్‌లు ఆడుతున్నారా అనిపిస్తుంది.

ఆ టెన్నిస్ ముక్క మీదే నువ్వు ఒక పూట కూర్చోవాలి. నవ్వించడానికి పెట్టిన పిట్టకథ కాదది. ఎంత వేగగాడో చూపించేదీ అదే, ఎంత గొప్పలరాయుడో చెప్పేదీ అదే, పందెం పోగొట్టేదీ అదే. బంతి వెనక పరిగెత్తిన పరుగు దారిమీద పరిగెత్తి ఉంటే ఎప్పుడో గీత దాటేవాడు. ఒక్క పనిలో మూడు పనులు జరిగాయి, ఎవరూ నోరు విప్పి ఒక్క ముక్క వివరించలేదు.

కాబట్టి నీ కుందేలు బలహీనత ఏమిటో ముందు తేల్చుకో. సెల్ఫీలు, రీల్స్ మాత్రం పెట్టకు. మీ క్లాసులో సగంమంది అదే పెడతారు. వీధి చివర కొత్త బండి కొన్న కుర్రాణ్ణి కాసేపు గమనించు. నడిపేదానికన్నా ఆపుకుని అద్దంలో జుట్టు సర్దుకునేదే ఎక్కువ. ఎవడైనా 'ఎంత పడింది?' అని అడిగితే చాలు, వెళ్ళాల్సిన చోటు మర్చిపోతాడు. కుందేలంటే వాడే.

ఇక లెక్కల సంగతి. మూడు నిమిషాలు తీస్తానన్నావు. సెకనుకు 24 ఫ్రేములు, అంటే 4,320. ఒక్కో బొమ్మ రెండేసి ఫ్రేములు నిలిపినా 2,160 బొమ్మలు గీయాలి, అదీ ఒక్క పాత్రకే. రెండోదాన్ని విడిగా గీస్తే ఆ లెక్క వేరే. డిస్నీకి గదుల నిండా మనుషులుండేవాళ్ళు, నీకున్నది ఒక చెయ్యి, ఒక సెమిస్టరు. తొంభై సెకన్లకు దించు. 1,080 బొమ్మలైతే నిద్ర మానకుండా అవుతుంది.

వేగం చూపించాలంటే ఎక్కువ బొమ్మలు గీయాలనుకుంటారు కొత్తవాళ్ళు. అది తిరగబడ్డ ఆలోచన. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఎడం పెరిగేకొద్దీ వేగం, దగ్గరయ్యేకొద్దీ నిదానం. కుందేలు దూసుకుపోయే ముందు ఒక క్షణం వెనక్కి ఒదగాలి. ఆ వెనక్కి ఒదగడానికి ఎనిమిది ఫ్రేములు ఇవ్వు, పోవడానికి మూడు ఇవ్వు, మిగతా పని దుమ్ము చేస్తుంది. కష్టమంతా తాబేలు దగ్గరే. దగ్గరదగ్గరగా బొమ్మలు పడితే గీత వణుకు బయటపడిపోతుంది. కాలు నేలకు ఆనాక ఆ పాదం జారకూడదు, బరువు దాని మీదికి మళ్ళాకే ఎదురు మూల కాలు లేవాలి. హైదరాబాదులోనే ఉన్నావు కదా, స్కెచ్ బుక్ పట్టుకుని నెహ్రూ జూపార్కుకి వెళ్ళు, తాబేళ్ళ దగ్గర కూర్చో. ఫోనులో వీడియో తర్వాత తీసుకోవచ్చు. కుందేలు గెంతేటప్పుడు వెనక కాళ్ళు ముందు కాళ్ళను దాటుకుని ముందుకొచ్చి పడతాయి. నీ నాలుగో బొమ్మలో అది కుక్కలా పరిగెడుతోంది.

శబ్దం చివర్లో అతికిస్తానన్నావు, వద్దు. ఈ జాక్సనే 1928లో డిస్నీ వాళ్ళ 'స్టీమ్‌బోట్ విల్లీ' కార్టూన్‌కి మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్ టిక్ కొట్టే పరికరం) పెట్టి బొమ్మకూ సంగీతానికీ లయ కుదిర్చే దారి చూపించాడు. నీ ఫోనులోనూ మెట్రోనోమ్ యాప్ పెట్టుకోవచ్చు. నిమిషానికి 60 దెబ్బలు పెట్టుకుంటే దెబ్బకు 24 ఫ్రేములు, తాబేలు ఒక అడుగు. అదే దెబ్బలో కుందేలుకు ఆరు గెంతులు. లయ ముందే కుదిరితే గీసేటప్పుడు తడుముకోవడం ఉండదు.

చివర్లో నీతివాక్యం చదివించడానికి మీ ప్రిన్సిపాల్ గారి గొంతు అడుగుతానన్నావు. ఆయన ఏమనుకున్నా సరే, తీసెయ్. డిస్నీ తాబేలు చివరి క్షణంలో మెడ సాగదీసి గెలుస్తుంది, ఆ మెడ చాలు. అలాగని నీతి పైకి చెప్పడమే తప్పని కాదు. చిన్నయసూరి నీతిచంద్రికలో చిత్రగ్రీవుడి పావురాలు వలతో సహా ఎగిరిపోయే కథ చదివావు కదా. అదే కథను ప్రభుత్వ ఫిలిమ్స్ డివిజన్ వాళ్ళు 1974లో 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా'గా తీశారు. విజయా ములే దర్శకత్వం, బొమ్మలు భీంసేన్‌వి. మీ అమ్మ తరం దూరదర్శన్‌లో చూసిందే. అందులో ఐకమత్యం అన్న మాట బాహాటంగానే వస్తుంది, అయినా ఎబ్బెట్టుగా ఉండదు. ఎందుకంటే అక్కడ ఒక పిల్లాడు అక్కను అడుగుతాడు, అక్క చెబుతుంది. నీ సినిమాలో అడిగినవాడు ఎవడూ లేడు.

మాక్స్ మొహం, వాడి వాలకం మాత్రం దించకు. కథ ఈసప్‌ది, ఎవరైనా వాడుకోవచ్చు. బొమ్మ డిస్నీ వాళ్ళది. పోటీలకు పంపేటప్పుడు అది ఇబ్బంది పెడుతుంది.

వచ్చే ఆదివారంలోపు తాబేలు నడక ఒక్కటే, నాలుగు అడుగులు, పెన్సిల్ టెస్టు (ఉత్త పెన్సిలు గీతలను కదిలించి చూడటం) చేసి పంపు. రంగులు వెయ్యకు, వెనక చెట్లూ కొండలూ వద్దు. పక్కనే ఎక్స్‌పోజర్ షీటు, అదే ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములో రాసుకునే కాగితం, ఫొటో కూడా పెట్టు, లేకపోతే ఎక్కడ తేడా వచ్చిందో నేను చెప్పలేను. అత్తయ్య నీకోసం సున్నుండలు కొరియర్ చేసింది. అందాయో లేదో ఫోను చేసి ఆవిడకే చెప్పు.

మీ మావయ్య