అద్దె కారుతో మెక్సికో బార్డర్ దాటవచ్చా?

లాంగ్ వీకెండ్‌కి శాన్ డియాగో ప్లాన్ చేసుకునే మనవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "కారు ఎలాగూ రెంట్‌కి తీసుకుంటున్నాం, మెక్సికోలోని టిహువానా అక్కడికి దగ్గరే కదా, అటు కూడా ఒక రౌండ్ వేసి వద్దామా?" వెళ్లి రావచ్చు. కానీ ఆ కారులో వెళ్లవచ్చా లేదా అన్నది మీరు సంతకం పెట్టిన రెంటల్ అగ్రిమెంట్‌ను బట్టి ఉంటుంది. టిహువానా ఒక్కటే చూడాలనుకుంటే మాత్రం కారు ఇవతలే వదిలెయ్యమంటాను. ఇంకా దక్షిణాన సముద్రం పక్కనున్న ఎన్సెనాడా దాకా వెళ్లాలనుకుంటేనే కారు గురించి ఆలోచించండి.

అమెరికాలో చాలా కంపెనీల అగ్రిమెంట్లు ముందుగా అనుమతి తీసుకోకుండా కారును మెక్సికోకి తీసుకెళ్లడానికి ఒప్పుకోవు. కొన్ని కంపెనీలు బార్డర్‌కి దగ్గరున్న ఊళ్లలోని కొన్ని బ్రాంచీల నుంచి మాత్రమే అనుమతి ఇస్తాయి. అది కూడా కొన్ని రకాల కార్లకే, కొంత దూరం వరకే. కాబట్టి లాస్ ఏంజిలిస్ ఎయిర్‌పోర్టులో కారు తీసుకుని, శాన్ డియాగో చేరాక అడుగుదాంలే అనుకోవద్దు. కాల్ సెంటర్‌లో "అవునండీ, వెళ్లొచ్చు" అన్న మాటను కూడా నమ్ముకోవద్దు. మీరు కారు తీసుకోబోయే బ్రాంచికే ఫోన్ చేసి అడగండి. అనుమతి కాగితం మీద ఇస్తారా, మెక్సికో ఇన్సూరెన్స్ వాళ్లే ఇస్తారా, రోజుకి ఎంత, ఎంత దూరం వెళ్లనిస్తారు, రెండో డ్రైవర్ పేరు కూడా అందులో రాస్తారా? ఈ చివరి ప్రశ్న చాలామంది మర్చిపోతారు. వచ్చేటప్పుడు అలసిపోయి స్టీరింగ్ భార్యకో ఫ్రెండ్‌కో ఇస్తారు, ఆ పేరు కాగితాల్లో ఉండదు.

అనుమతి లేకుండా చడీచప్పుడు కాకుండా వెళ్లి వచ్చేద్దాం అనుకునేవాళ్లూ ఉన్నారు. ఏమీ జరగకపోతే సరే. ఏదైనా జరిగితే, అగ్రిమెంట్ ఉల్లంఘించినందుకు కౌంటర్‌లో రోజుకింత చొప్పున కట్టిన డ్యామేజ్ వేవర్ (కారు పాడైతే ఆ ఖర్చు మీ మీద పడకుండా చూసే ఒప్పందం) చెల్లదు. క్రెడిట్ కార్డు ఇచ్చే రెంటల్ కవరేజి మీద కూడా ఆశ పెట్టుకోలేం. కారు పోతే దాని ఖరీదంతా మీ నెత్తి మీద పడుతుంది.

ఇక ఇన్సూరెన్స్. మీ అమెరికా పాలసీ ఎంత గొప్పదైనా, అవతలివాళ్లకి జరిగిన నష్టానికి మెక్సికో చట్టం దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆ లయబిలిటీ పాలసీ మెక్సికన్ కంపెనీదే అయి ఉండాలి. ఇదేదో ఫైన్‌తో పోయే విషయం కాదు. యాక్సిడెంట్‌లో ఎవరికైనా దెబ్బలు తగిలితే, తప్పు ఎవరిదో తేలేదాకా, నష్టం కట్టే స్తోమత ఉందని చూపించేదాకా పోలీసులు డ్రైవర్‌ను నిర్బంధంలో ఉంచే అవకాశం ఉంది. అందుకే పాలసీలో లాయర్ సాయం, బెయిల్ బాండ్ ఉన్నాయో లేదో చూసుకోండి. రోజుకి ఐదారు డాలర్లు మిగులుతాయని అవి లేని పాలసీ తీసుకోవడం నా దృష్టిలో పిసినారితనమే. చిన్న గీత పడినా సరే, మెక్సికోలో ఉండగానే ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయాలి. ఇవతలికి వచ్చాక చెబితే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. పాలసీ కాగితం ప్రింట్ తీసి కారులో పెట్టుకోండి.

కారు కన్నా ముందు చూసుకోవాల్సింది మీ పాస్‌పోర్టు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా స్టాంపు గానీ గ్రీన్ కార్డు గానీ ఉంటే, టూరిస్టుగా వెళ్లే భారతీయులకి మెక్సికో వీసా అక్కర్లేదు. చిక్కంతా స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయినవాళ్లకే. ఐ-797 (వీసా పిటిషన్ అప్రూవల్ నోటీసు) చేతిలో ఉంది కాబట్టి సరిపోతుందనుకుంటారు. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) గడువు ఇంకా ఉండి, 30 రోజుల్లోపు తిరిగి వస్తే, పాత స్టాంపుతోనే అమెరికా లోపలికి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అన్న నియమం ఒకటి ఉన్న మాట నిజమే. దానికీ షరతులున్నాయి: అక్కడ ఉండగా కొత్త వీసాకి అప్లై చేస్తే అది వర్తించదు. అయినా అది అమెరికా నియమం. మెక్సికోకి దానితో పని లేదు, స్టాంపు ఎక్స్‌పైర్ అయినవాళ్లకి మెక్సికో వీసా కావాల్సిందే. కుటుంబంతో వెళ్తుంటే వాళ్ల హెచ్-4 (డిపెండెంట్ వీసా) స్టాంపులు కూడా ఒక్కొక్కటే తీసి తేదీలు చూడండి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) పిల్లలైతే కాలేజీ ఇచ్చే ఐ-20 మీద ట్రావెల్ సంతకం పాతబడిపోలేదు కదా అని చూసుకోవాలి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఎఫ్-1 నుంచి హెచ్-1బికో, హెచ్-4 నుంచి ఎఫ్-1కో స్టేటస్ మార్పుకి అప్లై చేసి ఎదురుచూస్తున్నవాళ్లు అసలు బార్డర్ దాటకూడదు. టాకోలు తినడానికి ఓ గంట వెళ్లొచ్చినా దేశం వదిలినట్టే లెక్క, ఆ స్టేటస్ మార్పు దరఖాస్తు వదులుకున్నట్టే. గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నవాళ్లు కూడా లాయర్‌ని అడగకుండా కదలొద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయా? అయితే టిహువానాకి శాన్ డియాగో డౌన్‌టౌన్ నుంచి ట్రాలీ బ్లూ లైన్ ఎక్కండి. చివరి స్టేషన్ శాన్ యిసీద్రో, దిగి నడిచి బార్డర్ దాటవచ్చు. కారులోనే బార్డర్ దాకా వెళ్తే పెయిడ్ పార్కింగులు ఉన్నాయి, కానీ ఐ-5 మీద "లాస్ట్ యూఎస్ఏ ఎగ్జిట్" అన్న బోర్డు దాటిపోకండి. అది దాటితే అనుమతి లేని కారుతో మెక్సికోలో తేలతారు. కాంకూన్‌కో మెక్సికో సిటీకో విమానం టిహువానా నుంచి చవగ్గా దొరికితే, శాన్ డియాగో వైపు నుంచి నేరుగా ఆ ఎయిర్‌పోర్టులోకి వెళ్లే సీబీఎక్స్ వంతెన ఉంది. టికెట్ ఉన్న ప్రయాణికులకే.

అనుమతి, ఇన్సూరెన్స్ రెండూ చేతికొచ్చి ఎన్సెనాడా వెళ్తుంటే, సముద్రం పక్కనే సాగే 1డి టోల్ రోడ్డు చాలా బాగుంటుంది. సుమారు వంద కిలోమీటర్లు, మధ్యలో మూడు టోల్ గేట్లు. ఫ్రీ రోడ్డు ఉంది గానీ టోల్ రోడ్డే మేలు, రాత్రి డ్రైవింగ్ మాత్రం వద్దు. టిహువానా, ఎన్సెనాడా ఉన్న బాహా కాలిఫోర్నియా రాష్ట్రంలో కారుకి తాత్కాలిక దిగుమతి పర్మిట్ అక్కర్లేదు. మనుషులకి మాత్రం ఎఫ్ఎంఎం అనే టూరిస్టు ఎంట్రీ పర్మిట్ కావాలి. కార్లను చాలావరకు ఆపకుండా పంపేస్తారు కాబట్టి, పక్కకు ఆపి ఇమిగ్రేషన్ ఆఫీసుకి మీరే వెళ్లాలి. ఊళ్లలోకి వచ్చాక "తోపే" అనే స్పీడ్ బ్రేకర్లు కొన్నిచోట్ల బోర్డు కూడా లేకుండా ఎదురవుతాయి, మన రోడ్ల అలవాటు అక్కడ పనికొస్తుంది. పెట్రోల్ బంకులో మనిషే కొడతాడు. మీటర్ సున్నా దగ్గర ఉందో లేదో చూసి, కొంచెం టిప్ ఇవ్వండి. శాకాహారులు బీన్స్‌లో పంది కొవ్వు వేశారా అని ముందే అడగాలి.

తిరుగు ప్రయాణానికి సెలవు రోజుల్లో గంటలకొద్దీ క్యూ ఉంటుంది. రెడీ లేన్ ఖాళీగా కనిపించిందని దూరకండి. కారులో పెద్దవాళ్లందరి దగ్గర గ్రీన్ కార్డు లాంటి చిప్ ఉన్న కార్డులు ఉండాలి, వీసా పాస్‌పోర్టుతో కుదరదు. ఆ క్యూలో అమ్మకానికి వచ్చే మామిడిపళ్లు, జామకాయలు చూసి ఆగలేకపోతే అక్కడే తినేయండి. కారులో పెట్టుకుని డిక్లేర్ చేయకుండా వస్తే ఫైన్ పడుతుంది.