ఆర్డర్ రాసుకున్న అమ్మాయే మైకు పట్టుకుంటే?

న్యూయార్క్‌లో వెయిటర్లు పాటలు పాడే హోటల్ ఉందట, వాళ్లు నిజంగా వెయిటర్లేనా అని అడిగారు. నిజంగానే. నాటకశాలలకి పేరుపడ్డ బ్రాడ్‌వే వీధి, 51వ వీధి కలిసే మూలనున్న ఎలెన్స్ స్టార్‌డస్ట్ డైనర్ అది, 1987లో మొదలైంది. వడ్డించేవాళ్లలో చాలామంది బ్రాడ్‌వే నాటకాల్లో వేషం కోసం ఆడిషన్ల చుట్టూ తిరిగేవాళ్లే. ఇప్పుడే మీ బర్గర్ ఆర్డర్ రాసుకున్న అమ్మాయి, కాసేపటికి మైకు పట్టుకుని సీట్ల మధ్య సన్నటి గట్టెక్కి పాడుతూ నడుస్తుంది. మీరు తల పక్కకి వంచాల్సిందే!

మధ్యలో ఒక బకెట్ చేతులు మారుతూ వస్తుంది. అందులో వేసే డబ్బులు వాళ్ల నటన, సంగీతం, డాన్సు క్లాసులకి. మామూలు టిప్పు వేరే. నన్నడిగితే తిండి అంతంతమాత్రం, ధర మాత్రం ఘాటు. బయట క్యూ చూసి జంకితే పొద్దున టిఫిన్ వేళకి వెళ్లండి, అప్పుడూ పాడతారు.