పదహారు రోజుల్లో జీఆర్ఈ స్కోరు పెరుగుతుందా?

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది అనంతపురం జిల్లా. మూడేళ్లుగా బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తూ, మారతహళ్లిలో మిత్రులతో కలిసి ఉంటున్నాను. అమెరికాలో ఎం.ఎస్. చదవాలన్న కోరికతో జీఆర్ఈకి తేదీ తీసుకున్నాను. ఇంక పదహారు రోజులే ఉన్నాయి. మొన్న రాత్రి ఆఫీసు నుంచి వచ్చి, పదిన్నరకు కూర్చుని, జీఆర్ఈ నిర్వాహకుల సాధన వేదిక పవర్‌ప్రెప్‌లో ఉచితంగా దొరికే మొదటి మాదిరి పరీక్ష రాస్తే 298 వచ్చింది. క్వాంట్‌లో (లెక్కలు) 154, వెర్బల్‌లో (ఇంగ్లీషు) 144. కనీసం 312 రావాలని నా ఆశ. వెయ్యి పదాల జాబితా ఒకటి తెచ్చుకుని రోజుకు డెబ్బై చొప్పున చదువుతున్నాను గాని, మర్నాటికి సగం కూడా గుర్తుండడం లేదు. తప్పిన ప్రశ్నల వివరాలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. తేదీ మార్చుకోవాలా, ధైర్యం చేసి రాసేయాలా?
— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

సమాధానం: మీ ఉత్తరం కంటె దానితో పంపిన తప్పుల చిట్టాయే నాకు ఎక్కువ సంగతులు చెప్పింది. క్వాంట్‌లో 27 ప్రశ్నలకు పదకొండు తప్పాయి. వాటిలో మూడు, రెండో విభాగం చివర సమయం చాలక ఖాళీగా వదిలేసినవి. నాలుగు, రెండు రాశులిచ్చి ఏది పెద్దదో తేల్చమనే పోలిక ప్రశ్నలు. రెండు, పట్టికలూ గ్రాఫులూ చూసి చెప్పవలసినవి. అందులో ఒకదాని పక్కన ‘అంకెలు వేలల్లో ఉన్నాయని చూడలేదు’ అని మీరే ఎర్ర సిరాతో రాసుకున్నారు. సంభావ్యత సరిగా రాక పోయినవి చివరి రెండు మాత్రమే. అంటే పదకొండింటిలో తొమ్మిది మీకు వచ్చిన లెక్కలే. ఇంత కొద్ది వ్యవధిలో కొత్త పాఠాలు నేర్చుకుని స్కోరు పెంచుకోవడం కష్టం గాని, వచ్చిన లెక్కలకు రావలసిన మార్కులు రాబట్టుకోవడానికి పదహారు రోజులు చాలకపోవు.

ముందు ఖాళీల సంగతి. ఈ పరీక్షలో తప్పు జవాబుకు మార్కులు కోసే పద్ధతి లేదు. అందువల్ల ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలడానికి కారణం లేదు. మొదటి క్వాంట్ విభాగంలో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, రెండో దానిలో 15 ప్రశ్నలకు 26 నిమిషాలు ఇస్తారు; ఎలా లెక్కవేసినా ఒక్కొక్క ప్రశ్నకు నిమిషంముప్పావుకు మించి దక్కదు. అన్ని ప్రశ్నలకూ విలువ ఒకటే కనుక, రెండు నిమిషాలైనా దారి దొరకని లెక్క దగ్గర పంతానికి పోకుండా, తోచిన జవాబు గుర్తించి, దానికి గుర్తు పెట్టుకుని ముందుకు సాగండి. అదే విభాగంలో సమయం మిగిలితే వెనక్కి వచ్చి జవాబు మార్చుకోవచ్చు; విభాగం ముగిశాక మాత్రం కుదరదు. మీరు ఆరున్నర నిమిషాలు ఖర్చు పెట్టిన ఒక వృత్తం లెక్క, వెనక ఉన్న మూడు సులువైన ప్రశ్నలను మింగేసింది.

ఇంకొక మాట. రెండో విభాగం ఎంత కఠినంగా రావాలన్నది మొదటి విభాగంలో మీరు ఎలా రాశారన్నదానిని బట్టి నిర్ణయమవుతుంది. మొదటిది బాగా రాస్తే రెండోది కఠినంగా వస్తుంది, పై స్కోరుకు దారీ తెరుచుకుంటుంది. మొదట్లో తడబడితే తేలిక ప్రశ్నలే వస్తాయి గాని, వాటన్నిటికీ సరైన జవాబులు రాసినా పైకి పోవడం కష్టం. కాబట్టి మొదటి పన్నెండు ప్రశ్నలలో అజాగ్రత్త తప్పు ఒక్కటి కూడా లేకుండా చూసుకోవడమే మీ సాధనలో ప్రధానం కావాలి. రెండో విభాగం కష్టంగా తోస్తే గాబరా పడకండి, అది మంచి కబురే.

ఇక పోలిక ప్రశ్నలు. మీరు తప్పిన నాలుగింటిలోనూ ఒకే పొరపాటు కనిపిస్తోంది. ఎక్స్ అనేది సున్నా కంటె పెద్దదని చెప్పి, ఒకవైపు ఎక్స్ వర్గమూ మరొకవైపు ఎక్స్ ఇచ్చారనుకోండి. మన మనసు వెంటనే 2, 3 వంటి అంకెలను తలుచుకుని వర్గమే పెద్దదని తీర్పు చెప్పేస్తుంది. ఎక్స్ 1 అయితే రెండూ సమానమే; అర అయితే వర్గం పావు అవుతుంది కనుక ఎక్స్ పెద్దది. మూడు రకాలుగా వచ్చింది కాబట్టి, ఇచ్చిన సమాచారంతో చెప్పలేమన్న నాలుగో జవాబే సరైనది. ఇటువంటి ప్రశ్న కనబడగానే 1, ఒక భిన్నం, షరతు ఒప్పుకుంటే సున్నా, ఒక రుణసంఖ్య వేసి చూడడం చేతికి అలవాటు కావాలి. రోజుకు ఇరవై చొప్పున వారం రోజులు చేయండి. క్షేత్రగణితం బొమ్మలు కొలత ప్రకారం గీసినవని నమ్మవద్దు. కంటికి లంబకోణంలా కనిపించినంత మాత్రాన అది లంబకోణం కాదు. సంభావ్యతకు రెండు సాయంత్రాలు కేటాయించండి, చాలు.

వెర్బల్ దగ్గర నేను మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. ఆ వెయ్యి పదాల జాబితాను పక్కన పెట్టండి. దాహం వేసినప్పుడు బావి తవ్వడం మొదలుపెట్టినట్టుంది మీ పద్ధతి. ఖాళీలు పూరించే ప్రశ్నలలో మీరు తప్పిన ఏడింటిలో నాలుగింటికి ఇచ్చిన పదాలన్నీ మీకు తెలిసినవేనని మీరే రాశారు. మరి పోయింది పదం తెలియక కాదు, వాక్యం నడక పట్టుకోలేక. తెలుగులోనే ఒక ఉదాహరణ చెబుతాను. ‘ఉపన్యాసం ఎంత ______ సాగినా, సభలో ఒక్కరూ లేచి వెళ్లలేదు.’ ఇక్కడ ఖాళీలో ‘రసవత్తరంగా’ అని ఎవరూ రాయరు. ‘సాగినా’ అన్న మాట వాక్యాన్ని ఎదురు తిప్పింది గనుక ‘చప్పగా’ వంటి మాటే కావాలి. ఇంగ్లీషులో ‘ఆల్దో’, ‘డిస్పైట్’, ‘ఫార్ ఫ్రమ్’ వంటివి ఇదే పని చేస్తాయి. జవాబులను చేత్తో మూసి, ముందు ఖాళీలోకి మీ సొంత మాట ఒకటి, తెలుగు మాటైనా సరే, వేసుకోండి. ఆ తరువాతే ఇచ్చిన పదాలు చూడండి. రెండు మూడు ఖాళీలున్న ప్రశ్నలో అన్నీ సరిగ్గా ఉంటేనే మార్కు, సగం మార్కు ఇవ్వరు. అందువల్ల మొదటి ఖాళీతోనే మొదలుపెట్టాలన్న పట్టుదల వద్దు, ఏది తేటగా ఉంటే దానితో మొదలుపెట్టండి.

పదాలు చదవకుండా ఉండలేనంటే, తెలిసిన పదాలకున్న తెలియని అర్థాలు చదవండి. ‘చెక్’ అంటే అదుపు చేయడం, ‘వాంట్’ అంటే లేమి, ‘క్వాలిఫై’ అంటే అన్నమాటకు షరతు తగిలించడం. ‘శాంక్షన్’ అయితే అనుమతి అనీ, ఆంక్ష అనీ ఎదురెదురు అర్థాలిస్తుంది. మనలాంటి వాళ్లం ఎక్కువగా జారేది వీటి దగ్గరే, ఎందుకంటే వీటిని నిఘంటువులో చూడవలసిన అవసరముందని మనకు తోచదు. చదివి జవాబు చెప్పే పేరాలలో, జవాబు నిజమా కాదా అని కాక, ఆ పేరాలో ఏ వాక్యం దానికి ఆధారమో వేలు పెట్టి చూపగలనా అని మిమ్మల్ని మీరే అడగండి. చూపలేకపోతే ఆ జవాబు వదిలేయండి.

వ్యాసానికి 30 నిమిషాలు, ఒకే అంశం. అక్కడి తెరమీద అక్షరదోషాలు దిద్దే సదుపాయం ఉండదు కనుక, అది ఆపేసి రెండు వ్యాసాలు టైపు చేసి చూసుకుంటే సరిపోతుంది.

మాదిరి పరీక్ష రాత్రి పదిన్నరకు రాయడం మాత్రం నాకు నచ్చలేదు. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష 1 గంట 58 నిమిషాలకు తగ్గినా, మధ్యలో విరామం లేదు. రింగ్ రోడ్డు మీద వాహనాల మధ్య గంటన్నర గడిపి వచ్చిన బుర్రతో రాసిన 298ని మీ అసలు శక్తిగా లెక్కవేయకండి. పవర్‌ప్రెప్ ఉచిత పరీక్షలు రెండే. మిగిలిన ఆ ఒక్కదాన్ని ఇప్పుడు ముట్టుకోకుండా, పరీక్షకు ఎనిమిది రోజుల ముందు, మీకిచ్చిన సమయానికే, ఫోను పక్క గదిలో పెట్టి రాయండి. తేదీ మార్చుకోవడానికి పరీక్షకు కనీసం 4 రోజుల ముందు వరకు, రుసుము చెల్లించి, అవకాశముంటుంది. కాబట్టి నిర్ణయం ఈవేళే తీసుకోనక్కరలేదు. రెండో మాదిరిలో 306, 307 దగ్గర కనిపిస్తే వెళ్లి రాయండి. ఇంకా 300 దగ్గరే ఉండి, మీ విశ్వవిద్యాలయాల గడువులు దూరంగా ఉంటే మార్చుకోండి. 312 తప్పక వస్తుందని నేను మాట ఇవ్వలేను. క్వాంట్‌లో ఆరేడు పాయింట్లు పెరగడం నమ్మదగిన మాట. వెర్బల్‌లో మూడు నాలుగు పెరిగితే సంతోషించండి. అసలు రోజున వాహనాల రద్దీకి పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలి మీదుగా వెళ్లవలసి వస్తే మాత్రం, దూరం చూసి కాక గడియారం చూసి బయలుదేరండి. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో నమోదులోనూ అలాగే ఉందో లేదో ఈ రాత్రే సరిచూసుకోండి. మన ఇంటిపేర్లు ఇటువంటి చోట్లే పేచీ పెడతాయి.

ప్రశ్న: అయ్యా, మాది నెల్లూరు, ఇరవై ఏళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మా అమ్మాయి నవంబరు మొదటి వారంలో జీఆర్ఈ రాస్తే 303 వచ్చింది. దరఖాస్తులకు డిసెంబరు 15 గడువు. మళ్లీ రాస్తే ఇంకా తగ్గుతుందేమో, ఆ తక్కువ స్కోరు కూడా అక్కడి వాళ్లకు తెలిసిపోతుందేమో అని దాని భయం.
— ఒక తల్లి, చెన్నై

సమాధానం: అమ్మా, ఆ భయం అక్కరలేదు. ఏ రోజు రాసిన స్కోరు పంపాలో ఎంచుకునే హక్కు రాసినవారిదే. ఎంచుకున్న స్కోరు మాత్రమే విశ్వవిద్యాలయానికి వెళుతుంది. రెండు పరీక్షల మధ్య 21 రోజులు గడవాలి, పన్నెండు నెలల్లో ఐదుసార్లకు మించి రాయకూడదు. క్వాంట్, వెర్బల్ స్కోర్లు పరీక్ష ముగియగానే తెరమీద కనబడినా, అధికారికంగా రావడానికి 8 నుంచి 10 రోజులు పడుతుంది. ఈ లెక్కన నవంబరు చివరి వారంలో రాస్తేనే గడువుకు అందుతుంది; డిసెంబరులోకి జారితే వద్దనే నా సలహా. దానికంటె ముందు, అమ్మాయి ఎంచుకున్న ప్రతి విశ్వవిద్యాలయ విభాగమూ జీఆర్ఈ అడుగుతోందో లేదో చూసుకోమనండి. స్కోరు ఐచ్ఛికం చేసిన విభాగాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. జాబితాలో సగం అటువంటివే అయితే, ఆ మూడు వారాలూ దరఖాస్తు వ్యాసం మీద పెట్టడం మేలు.

ప్రశ్న: పరీక్షలో కాల్క్యులేటరు ఇస్తారట కదా, ఎక్కాలు మళ్లీ చదవడం వృథా కాదా?
— ఒక విద్యార్థి, మల్లేశ్వరం, బెంగళూరు

సమాధానం: ఇస్తారు, క్వాంట్ విభాగాలలో తెరమీదనే ఉంటుంది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం, అంతే. ఒక్కొక్క అంకెను మౌస్‌తో నొక్కేలోపు పదిహేను పన్నెండ్లు నూట ఎనభై అని నోటితో చెప్పగలిగినవాడు తరువాతి ప్రశ్నలో ఉంటాడు. ఇరవై దాకా ఎక్కాలు, ఇరవై ఐదు దాకా వర్గాలు చదవండి. భాగహారం దశాంశాల్లోకి పోతే అప్పుడు కాల్క్యులేటరు తెరవండి.