ఉచితంగా పెట్టే స్మోక్ అలారానికి తర్వాత బిల్లు వస్తుందా?

సందేహం: ఒహాయోలో పాత ఇల్లు అద్దెకు తీసుకున్నాం. రెడ్‌క్రాస్ వాళ్లు స్మోక్ అలారాలు ఉచితంగా బిగిస్తారని పక్కింటివాళ్లు చెప్పారు. నిజంగా డబ్బు అడగరా? పోపు వేసినప్పుడల్లా మోగుతోందని ఉన్న అలారాన్ని మావారు తీసేశారు.

జవాబు: అడగరమ్మా. అమెరికన్ రెడ్‌క్రాస్ 2014 అక్టోబరు నుంచి ఈ పని చేస్తోంది. ఇప్పటికి 20 లక్షలకు పైగా అలారాలు బిగించారు. విరాళాలతో నడిచే కార్యక్రమం, వచ్చేది వలంటీర్లు. అలారానికీ ఇవ్వక్కర్లేదు, బిగించినందుకూ ఇవ్వక్కర్లేదు. ఆ పేరు చెప్పి ఎవరైనా కార్డు నంబరు అడిగితే మాత్రం తలుపేసేయండి. అద్దె ఇల్లు కాబట్టి ముందు ఓనరుకి మెయిల్ పెట్టండి, అలారం పెట్టించే బాధ్యత చాలాచోట్ల ఆయనదే. మీ ఊరి రూల్స్ ఫైర్ డిపార్ట్‌మెంటు వాళ్లనడిగితే చెబుతారు.

నా టెన్షనంతా మీవారు తీసేసిన అలారం గురించే. వచ్చిన కొత్తలో నేనూ అదే చేశాను. ప్రతి డాలరునీ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులవి. చలికాలం అర్ధరాత్రి అలారం ఉండుండి కీచుమంటుంటే పాడైపోయిందనుకున్నాను. బ్యాటరీ అయిపోతోందని రూమ్మేట్ చెప్పాక కూడా, ఇంత చిన్న బ్యాటరీకి నాలుగు డాలర్లా అనిపించి, పాతది ఊడదీసి డ్రాయరులో పడేశాను. తర్వాత ఓ శనివారం గారెలకని నూనె పెట్టి, కాలింగ్ కార్డులో మిగిలిన నిమిషాలు వృథా అవుతాయని అమ్మకి ఫోన్ చేస్తూ బెడ్‌రూములో కూర్చున్నాను. పొగ వాసనకి వచ్చి చూస్తే మూకుడులో మంట, పైనున్న కేబినెట్ అడుగు అప్పటికే నల్లబడుతోంది. నేను సింకులో గిన్నెడు నీళ్లు పడుతుంటే రూమ్మేట్ నా చెయ్యి లాగేసింది. స్టవ్ ఆపి, ఇడ్లీ పాత్ర మూత పక్కనుంచి జరుపుతూ మూకుడు మీద కప్పింది. కాగే నూనెలో నీళ్లు పడితే ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెని గదంతా ఎగజిమ్ముతాయి. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. చల్లారేదాకా మేం ఆ మూత తియ్యలేదు.

డిపాజిట్ మొత్తం పోయింది. కేబినెట్‌కీ పెయింటింగ్‌కీ పైనుంచి బిల్లొచ్చింది, దాన్ని నెలల తరబడి కట్టాను. నాలుగు డాలర్లు మిగుల్చుకుందామని చేసిన పని అది. ఆ దెబ్బ నుంచి తేరుకుని, ఇప్పుడు సొంతింట్లో ప్రతి బెడ్‌రూములో ఒకటి, బయట హాల్లో ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి పెట్టించాను. మీరు కొత్తవాళ్లు, ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చో ఎక్కడ కూడదో మీకింకా తెలియదు. అందుకే ఇంత చెబుతున్నాను.

పోపుకి మోగడానికి కారణం సాధారణంగా అలారం స్టవ్‌కి మరీ దగ్గరగా ఉండటమే. కనీసం పదడుగుల దూరం ఉండాలి. పొగని కాంతితో పసిగట్టే ఫొటోఎలక్ట్రిక్ రకమైతే వంట పొగకి తక్కువగా మోగుతుంది. చాలా అలారాలకి హష్ బటన్ ఉంటుంది, నొక్కితే కాసేపు ఊరుకుంటుంది. ఇంకో సంగతి, అద్దె ఇళ్లలో స్టవ్ మీదుండే ఫ్యాన్ చాలాసార్లు పొగని బయటికి పంపదు, ఫిల్టర్లోంచి లాగి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. మిరపకాయలు వేయించేటప్పుడు కిటికీ తీసుకోండి.

వలంటీర్లు వచ్చినప్పుడు అలారం పెట్టించుకుని పంపేయకండి. ఇల్లంటుకుంటే బయటపడటానికి రెండు నిమిషాలే ఉండొచ్చని వాళ్లు చెబుతారు. ప్రతి గదికీ రెండు దారులు, బయట అందరూ కలిసే చోటు ఒకటి, మీతో కూర్చుని ప్లాన్ వేయిస్తారు. పాత ఇళ్లలో కిటికీలు రంగుకి అతుక్కుపోయి తెరుచుకోవు, వాళ్లుండగానే తీసి చూడండి. బిల్లు వేస్తారేమోనన్న భయంతో ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయడం మాత్రం ఎప్పుడూ మానకండి. ముందు బయటికి రండి, ఆ తర్వాతే ఫోన్.

అద్దెకుండేవాళ్లు తీసుకునే రెంటర్స్ ఇన్సూరెన్స్ లేకపోతే ఈ వారమే తీసుకోండి. మామూలుగా నెలకి అయ్యేది ఇద్దరు హోటల్లో టిఫిన్ చేసినంతే. ఓనరు ఇన్సూరెన్స్ గోడలకి, మీ సామానుకి కాదు. మీవల్ల ఇంటికి జరిగిన నష్టానికి ఎంతవరకు ఇస్తారో అడిగి, పాలసీ కాపీ ఇంట్లో కాకుండా మెయిల్లో పెట్టుకోండి.